రేసుగుర్రపు పిల్లలో సత్తాను పసిగట్టడం

ఇంకా పందెంలోకి దిగని గుర్రపు పిల్లను చూసి, అది ముందు ముందు ఎంతవరకు రాణిస్తుందో అంచనా కట్టడం థరోబ్రెడ్ పెంపకంలో అన్నిటికంటే ఖరీదైన విద్య. ఏడాదిన్నర వయసులో, వీపు మీద జీను పడకముందే పిల్ల వేలానికి వస్తుంది. రెండో ఏట పందేలు మొదలవుతాయి. ఇంగ్లండులోనూ అమెరికాలోనూ మూడో ఏట డెర్బీ ముగిసేసరికి దాని భవిష్యత్తు దాదాపు తేలిపోతుంది. కొనేవాడి ముందు ఉండేవి వంశం రాసిన ఒక పేజీ, నిలబడ్డ ఒళ్ళు, కొన్ని నిమిషాల నడక, పశువైద్యుడి నివేదిక మాత్రమే. పందెం గెలిపించే గుండె, ఊపిరి, పట్టుదల లోపల ఉంటాయి. అందుకే ఈ విద్యలో ఆరితేరినవాళ్ళు నమ్మకంగా చేయగలిగింది పనికిరాని పిల్లను పక్కన పెట్టడం వరకే. మిగిలినవాటిలో మేటి ఏదో ముందే చెప్పగలమన్నవారి మాట మీద కోట్ల డాలర్లు పోయాయి.

ఈ తొందర ఎలా మొదలైంది

థరోబ్రెడ్ జాతి ఇంగ్లండులో 17వ శతాబ్దం చివర, 18వ శతాబ్దంలో రూపుదిద్దుకుంది. నేటి థరోబ్రెడ్ గుర్రాలన్నిటి తండ్రి వరసా తూర్పు దేశాల నుంచి తెచ్చిన మూడు గుర్రాలకు చేరుతుంది. అవి బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గోడాల్ఫిన్ అరేబియన్. 1791లో వెలువడిన జనరల్ స్టడ్ బుక్ ఈ వంశాలను అచ్చులోకి ఎక్కించింది. ఆ రోజుల్లో గుర్రాన్ని తొందరపెట్టేవాళ్ళు కాదు. 1764లో పుట్టిన ఎక్లిప్స్ తొలిసారి పందెంలో దిగింది 1769లో, అంటే ఐదేళ్ళ వయసులో. పరిగెత్తిన 18 పందేలూ గెలిచింది. అప్పటి పందెం నాలుగు మైళ్ళ దూరం, అదీ ఒకే రోజు పలుమార్లు. దానికి ఎదిగిన ఎముక, ముదిరిన కండ కావాలి.

సెయింట్ లెజర్ 1776లో, ఓక్స్ 1779లో, డెర్బీ 1780లో మొదలయ్యాయి. మూడూ మూడేళ్ళ గుర్రాలకే పెట్టిన పందేలు. దూరం తగ్గింది, వయసు తగ్గింది, బహుమతి పెరిగింది. యజమాని పెట్టుబడి త్వరగా తిరిగి రావాలంటే పిల్ల సత్తా త్వరగా తెలియాలి. రెండేళ్ళ పిల్లల పందేలు కూడా ఆ శతాబ్దం చివరికే వాడుకలోకి వచ్చేశాయి. గుర్రం శరీరం మాత్రం ఆ తొందరకు తగ్గట్టు మారలేదు. రేసుగుర్రం వేగం శిఖరానికి చేరేది నాలుగు, నాలుగున్నర ఏళ్ళ ప్రాయంలో. దానికి రెండేళ్ళ ముందే తీర్పు చెప్పాల్సి రావడం ఈ విద్యలోని అసలు చిక్కు.

పుట్టినరోజు లెక్క ఆ చిక్కును మరింత బిగించింది. ఉత్తరార్ధగోళంలో పుట్టిన ప్రతి థరోబ్రెడ్‌కూ జనవరి 1నే ఏడు నిండినట్టు లెక్క. దక్షిణార్ధగోళంలో చాలాచోట్ల అది ఆగస్టు 1. చూలు కాలం సుమారు పదకొండు నెలలు. జనవరిలో పుట్టిన పిల్లా మే నెలాఖరులో పుట్టిన పిల్లా కాగితం మీద ఒకే వయసువి, ఒళ్ళు చూస్తే మాత్రం నాలుగైదు నెలల తేడా. వేలంలో పెద్దగా, నిండుగా కనిపించే పిల్ల చాలాసార్లు ముందు పుట్టిన పిల్లే అయి ఉంటుంది. పుట్టిన తేదీ చూడకుండా ఒడ్డూ పొడుగూ మెచ్చుకోవడం ఈ రంగంలో తరచూ జరిగే పొరపాటు.

వంశం రాసిన పేజీ

అమెరికాలోని కీన్‌లాండ్, ఇంగ్లండులోని టాటర్సాల్స్ వంటి వేలాల కాటలాగులో ఒక్కో పిల్లకు ఒక్కో పేజీ ఉంటుంది. పై భాగంలో తాతముత్తాతల పట్టిక, కింద తల్లి, అమ్మమ్మ, ఆమె తల్లి కన్న సంతానం వివరాలు. పేరున్న పందెం గెలిచిన గుర్రం పేరు నల్లని పెద్దక్షరాల్లోనూ, రెండో మూడో స్థానంలో వచ్చినదాని పేరు నల్లని చిన్నక్షరాల్లోనూ వేస్తారు. పేజీ మీద నలుపు ఎంత ఎక్కువగా ఉంటే ధర అంత ఎక్కుతుంది. ఒకే తండ్రి పిల్లల్ని ఇక్కడ సోదరులనరు. తండ్రి గుర్రానికి ఒకే ఏడాదిలో నూరుకు పైగా పిల్లలు పుట్టవచ్చు కనక, ఒకే తల్లి కన్నవాటికే ఆ వరస.

వంశానికి విలువ లేకపోలేదు. అయితే ధర చెప్పినంత విలువ లేదు. 2008లో ఎడింబరో విశ్వవిద్యాలయానికి చెందిన విల్సన్, రాంబో వేలాది గుర్రాల రికార్డులు పరిశీలించారు. గుర్రాల జీవితకాల సంపాదనలోని తేడాల్లో సుమారు 10 శాతానికే వారసత్వం కారణమని లెక్కతేల్చారు. మిగిలిందంతా మేత, శిక్షణ, జాకీ, పందేల ఎంపిక, అదృష్టం. పేరున్న విత్తన గుర్రానికి పుట్టిన పిల్ల బాగా గెలిచిందంటే, దాన్ని కొన్న డబ్బే దానికి మంచి ట్రైనర్నీ మంచి జాకీనీ తెచ్చిపెట్టి ఉండవచ్చు. తండ్రి ఘనత ఎంతో, యజమాని సంపద ఎంతో విడదీయడం కష్టం.

నిలబెట్టి చూడటం, నడిపించి చూడటం

అసలు పరీక్ష లాయం ముందు జరుగుతుంది. సైస్ పిల్లను బయటికి తెచ్చి చదునైన నేల మీద పక్కకు తిప్పి నిలబెడతాడు. చూసేవాడికి దగ్గరగా ఉన్న ముందుకాలు కాస్త ముందుకు, అదే వైపు వెనకకాలు కాస్త వెనక్కు ఉండేలా సర్దుతాడు. అలా నిలబెడితే నాలుగు కాళ్ళూ ఒకేసారి కనిపిస్తాయి. అనుభవం ఉన్నవాళ్ళు మొదట దూరంగా నిలబడి మొత్తం ఆకారాన్ని చూస్తారు. మెడ భుజంలో ఎక్కడ కలిసింది, మూపు ఎంత ఎత్తు, భుజం ఎంత ఏటవాలు, నడుం ఎంత పొట్టి, పిరుదు ఎంత నిండుగా ఉంది అన్నవి చూశాకే కాళ్ళ దగ్గరికి వస్తారు. భుజం ఏటవాలుగా ఉంటే ముందుకాలు దూరం చాస్తుంది. పక్కటెముకల లోతు ఊపిరికి చోటు. దవడల మధ్య పిడికిలి పట్టేంత ఎడం ఉందా అని కొందరు వేళ్ళు పెట్టి చూస్తారు, గొంతు ఇరుకు కాకూడదని.

ఆ తర్వాత ఎదురుగా నిలబడి ముందుకాళ్ళు చూస్తారు. భుజం మొన నుంచి తాడు జారవిడిస్తే అది ముంజేతిని, మోకాలిని, డెక్కను నడిమధ్యన చీల్చుతూ దిగాలి. డెక్క లోపలికి తిరిగినా బయటికి తిరిగినా బరువు ఒక పక్కకే పడుతుంది. గుర్రం బరువులో 55 నుంచి 60 శాతం ముందుకాళ్ళ మీదే ఉంటుంది. నిండు దౌడులో ఒక దశలో ఒంటి ముందుకాలు మొత్తం ఒంటి బరువుకు రెండున్నర రెట్లు మోస్తుంది. పక్కనుంచి చూసినప్పుడు మోకాలు వెనక్కి వంగినట్టుంటే అనుభవజ్ఞులు అక్కడే ఆగిపోతారు. అలసిన గుర్రం కాలు మోపినప్పుడు ఆ మోకాలు ఇంకా వెనక్కి విరిగినట్టయి, ముందువైపు చిన్న ఎముకలు ఒకదాన్నొకటి నొక్కుకుని పెచ్చులు ఊడతాయి. మోకాలు కాస్త ముందుకు వంగి ఉండటం అంత ప్రమాదం కాదు. డెక్కకు పైనున్న పేస్టర్న్ భాగం మరీ నిటారుగా ఉంటే ప్రతి అడుగు అదురూ ఎముకకే తగులుతుంది. మరీ పొడుగ్గా, వాలుగా ఉంటే స్నాయువుల మీద భారం పడుతుంది.

ఇక నడక. ఎదురుగా నడిపించి, వెనక్కి నడిపించి, పక్కనుంచి నడిపించి చూస్తారు. వెనక డెక్క ముందు డెక్క వదిలిన అచ్చును దాటి పడాలి. ఎంత దాటితే అంత మంచిదంటారు. తల ఊపు, నడుం ఊపు ఒక లయలో ఉండాలి. నడకకూ దౌడుకూ నేరుగా సంబంధం లేదని వాదించేవాళ్ళున్నారు. అయినా కాళ్ళను తేలిగ్గా, తిన్నగా వాడే గుణం నడకలో దాగదు. వేలం రోజుల్లో ఒక పిల్లను పొద్దుట నుంచి సాయంత్రం దాకా పదులసార్లు బయటికి తెచ్చి నడిపిస్తారు. చివరిసారి కూడా చెవులు నిక్కించి, విసుగు లేకుండా నడిచే పిల్లను గమనించడం మంచి కొనుగోలుదారు లక్షణం. తలను విదిలించే పిల్ల, చెమటలు కక్కే పిల్ల, లాయంలో ఒకేచోట అటూ ఇటూ ఊగే పిల్ల తన శక్తిని పందెం గేటు చేరకముందే ఖర్చు చేసేస్తుంది.

ఇంత జాగ్రత్తగా చూసినా కన్ను మోసపోతుంది. జాన్ హెన్రీ అనే గుర్రం మోకాళ్ళు వెనక్కి వంగినవే. అందుకే 1976లో కీన్‌లాండ్ వేలంలో 1,100 డాలర్లకు పోయింది. ఆ తర్వాత 83 పందేలు పరిగెత్తి 39 గెలిచింది. 1981లోనూ, మళ్ళీ తొమ్మిదేళ్ళ వయసులో 1984లోనూ అమెరికాలో ఆ ఏటి మేటి గుర్రంగా నిలిచింది. రియల్ క్వయట్ ఎదురుగా చూస్తే ఎంత సన్నమంటే ట్రైనర్ బాబ్ బాఫర్ట్ దానికి చేప అని ముద్దుపేరు పెట్టాడు. మోకాళ్ళూ తిన్నగా లేవు. 17,000 డాలర్లకు కొన్న ఆ పిల్ల 1998లో కెంటకీ డెర్బీ, ప్రీక్‌నెస్ గెలిచింది. సండే సైలెన్స్ వెనకకాళ్ళ వంకర చూసి ఎవరూ ముందుకు రాకపోతే అది పెరిగిన ఫారం యజమాని ఆర్థర్ హాన్‌కాక్ 17,000 డాలర్లకు తనే తిరిగి పాడుకున్నాడు. 1989 కెంటకీ డెర్బీ గెలిచాక కూడా అమెరికా పెంపకందార్లు దానికి పెద్దగా విలువ ఇవ్వలేదు. జపాన్ కొనుక్కుంది. 1995 నుంచి 2007 దాకా వరసగా 13 ఏళ్ళు అది జపాన్‌లో అగ్రశ్రేణి తండ్రి గుర్రం. ఆ దేశపు రేసింగ్ స్థాయినే మార్చేసింది.

ఈ ఉదాహరణలు చూసి కాళ్ళు చూడటం వృథా అనుకోకూడదు. వంకర కాళ్ళతో కుంటుపడి, పేరు కూడా మిగలకుండా పోయిన గుర్రాలు వేలల్లో ఉంటాయి. వాటి కథలు ఎవరూ రాయరు.

సుడులు, రంగులు

మన దేశంలో గుర్రపు లక్షణాల శాస్త్రం చాలా పాతది. శాలిహోత్రుడి పేరిట, నకులుడి పేరిట అశ్వశాస్త్ర గ్రంథాలున్నాయి. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు సోమేశ్వరుడు కూర్చిన మానసోల్లాసంలో గుర్రాలకు చోటుంది. తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణ విలాసము రాశాడు. ఈ సంప్రదాయంలో ఒంటి మీది వెంట్రుకల సుడులకు పెద్దపీట. మెడ మీది సుడిని దేవమణి అని మెచ్చుకున్నారు. నాలుగు కాళ్ళూ ముఖమూ తెల్లగా ఉన్నదాన్ని పంచకళ్యాణి అని శుభంగా ఎంచారు. పాశ్చాత్య దేశాల నానుడులు దీనికి తలకిందులు. అక్కడ తెల్లకాళ్ళు ఎక్కువైన కొద్దీ గుర్రం పనికిరాదన్న నమ్మకం ఉండేది. తెల్ల డెక్క మెత్తన అన్నది దానికి చెప్పిన కారణం. అయితే నల్ల డెక్కకూ తెల్ల డెక్కకూ గట్టిదనంలో తేడా ఉన్నట్టు పరీక్షల్లో తేలలేదు. 2014 కెంటకీ డెర్బీ, 2016 దుబాయ్ వరల్డ్ కప్ గెలిచిన కాలిఫోర్నియా క్రోమ్ నాలుగు తెల్లకాళ్ళూ తెల్లని ముఖపట్టీ ఉన్న గుర్రం. మన పెద్దలు చూస్తే పంచకళ్యాణి అనేవారు.  అయితే రంగును బట్టి వేగం చెప్పడం ఏ దేశపు నమ్మకమైనా నమ్మకమే. పాత లక్షణ గ్రంథాల్లో ఛాతీ, డెక్క, కన్ను, స్వభావం గురించిన పరిశీలనలకు ఉన్న విలువ సుడుల జాబితాకు లేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

పశువైద్యుడి చూపు

నేటి వేలాల్లో పిల్ల కాళ్ళ ఎక్స్‌రేలు ముందే తీసి ఒకచోట ఉంచుతారు. కొనేవాడి పశువైద్యుడు వాటిని చూసి కీళ్ళలో మృదులాస్థి సరిగా గట్టిపడిందా, పెచ్చులు ఉన్నాయా అని చెబుతాడు. ముక్కులోంచి సన్నని గొట్టం పంపి గొంతు చూస్తారు. స్వరపేటికను తెరిచే ఎడమవైపు నరం చాలా పొడవు. అది ఛాతీలోకి దిగి గుండె దగ్గరి పెద్ద రక్తనాళాన్ని చుట్టుకుని మళ్ళీ గొంతుకు వస్తుంది. ఆ నరం బలహీనపడితే ఎడమ కవాటం సగమే తెరుచుకుని, దౌడులో గుర్రం గుర్రుమంటూ ఊపిరందక ఆగిపోతుంది. దౌడులో గుర్రం ఒక్కో అంగకు ఒక్కో శ్వాసే తీస్తుంది కనక గాలి దారి ఇరుకైతే దాన్ని పూడ్చుకునే వీలు లేదు. బయటికి నిగనిగలాడుతూ కనిపించే పిల్లలో ఈ లోపం ఉంటే కొనుగోలు అక్కడితో ఆగుతుంది.

గుండె పరిమాణాన్ని అల్ట్రాసౌండ్‌తో కొలిచి వేగం ఊహించే పద్ధతులూ వచ్చాయి. పెద్ద గుండె మీద ఆశ పాతదే. ఎక్లిప్స్ 1789లో చనిపోయాక ఫ్రెంచి పశువైద్యుడు షార్ల్ వియాల్ ద సెన్‌బెల్ దాని ఒంటి కొలతలన్నీ తీసి, మేటి గుర్రానికి ఉండాల్సిన నిష్పత్తులు ఇవీ అని గ్రంథం రాశాడు. సెక్రటేరియట్ అనే అమెరికా గుర్రం 1989లో చనిపోయినప్పుడు పరీక్షించిన వైద్యుడు దాని గుండె సుమారు 10 కిలోలు ఉంటుందని అంచనా వేశాడు. తూకం వేయలేదు. మామూలు థరోబ్రెడ్ గుండె నాలుగు కిలోల చిల్లర. అయితే ఏడాదిన్నర పిల్లలో గుండె ఇంకా ఎదుగుతూనే ఉంటుంది. ఆ వయసులో తీసిన కొలత రేపటి కొలతకు హామీ కాదు.

జీను పడ్డాక

రెండో ఏడు రాకముందే, శీతకాలానికి ముందు, పిల్లకు కళ్ళెం, జీను, మనిషి బరువు అలవాటు చేస్తారు. మంచి ట్రైనర్ ఇక్కడే ఎన్నో విషయాలు నేర్చుకుంటాడు. కొత్త వస్తువును చూసి బెదిరిన పిల్ల రెండో రోజుకు సర్దుకుందా? ముందు గుర్రం కాళ్ళు ఎగజిమ్మే ఇసుక ముఖాన పడితే తల తిప్పుకుందా? పక్క గుర్రం దాటబోతే చెవులు వెనక్కి వాల్చి లొంగిందా, తనూ అడుగు కలిపిందా? దౌడు తర్వాత ఊపిరి ఎంతసేపటికి కుదుటపడింది? సాయంత్రం తొట్టిలో దాణా మిగిల్చిందా? ఈ చివరి ప్రశ్నకు గుర్రాలు చూసేవాళ్ళు ఇచ్చే విలువ బయటివాళ్ళకు ఆశ్చర్యంగా ఉంటుంది. కష్టపడిన రోజు కూడా తొట్టి నాకేసే గుర్రమే రేపటి కష్టాన్ని తట్టుకుంటుంది.

వేగాన్ని ఫర్లాంగు లెక్కన కొలుస్తారు. ఫర్లాంగు అంటే 201 మీటర్లు. పిల్ల మొదట ఫర్లాంగుకు 15 సెకన్లు, అంటే మైలుకు రెండు నిమిషాల చొప్పున పరిగెత్తడం నేర్చుకుంటుంది. పందెంలో సుమారు 12 సెకన్లు. ఈ దశలో గడియారం కంటే ముఖ్యమైంది మోకాలి పైనున్న ఎముక పెరుగుదల పలక. అది సుమారు రెండేళ్ళు, రెండున్నర ఏళ్ళ మధ్య మూసుకుంటుంది. తెరిచి ఉండగా బలవంతంగా పరిగెత్తిస్తే కీలు వాస్తుంది. ముందుకాళ్ళ పిక్కల ఎముక ముందువైపు నొప్పి పుట్టి ఉబ్బడం రెండేళ్ళ పిల్లల్లో మామూలు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ న్యునమేకర్ బృందం చేసిన పరిశోధన ఇక్కడ ఎంతో మేలు చేసింది. ఎముక తనకు పడే భారాన్ని బట్టి తన ఆకారం మార్చుకుంటుందనీ, రోజుల తరబడి నెమ్మది పరుగుల కంటే అప్పుడప్పుడూ తక్కువ దూరం వేగంగా పరిగెత్తించడమే దాన్ని పందేనికి సిద్ధం చేస్తుందనీ వాళ్ళు చూపించారు. రెండేళ్ళకే పందెంలో దిగిన గుర్రాలు ఎక్కువ కాలం నిలుస్తాయని కొన్ని అధ్యయనాలు అంటాయి. ఒంట్లో నలత ఉన్న పిల్లలు ఆ వయసులో అసలు దిగవు కనక ఆ మాటను ఆచితూచి తీసుకోవాలి.

మేత మానేసిన పిల్లతో ఓపిక పట్టడం ఎలాగో నిజిన్‌స్కీ కథ చెబుతుంది. 1968లో కెనడా నుంచి ఐర్లండులోని ట్రైనర్ విన్సెంట్ ఒబ్రయన్ లాయానికి వచ్చాక ఆ పిల్ల ఓట్స్ ముట్టలేదు. దానికి అలవాటైన దాణా ఉండలు కెనడా నుంచి తెప్పించారు. అవి వచ్చేసరికి అది ఓట్స్ తినడం మొదలుపెట్టింది. 1970లో 2000 గినీస్, డెర్బీ, సెయింట్ లెజర్ మూడూ గెలిచింది. ఆ తర్వాత నేటి వరకు ఇంగ్లండులో మరే గుర్రమూ ఆ మూడింటినీ కలిపి గెలవలేదు.

ఒకే వంశం, నాలుగు తీర్పులు

కెనడాలోని విండ్‌ఫీల్డ్స్ ఫారంలో 1961 మే 27న పుట్టిన నార్తర్న్ డాన్సర్ పొట్టి పిల్ల. యజమాని ఇ.పి. టేలర్ తన ఏడాది పిల్లలకు ధరలు కట్టి కొనేవాళ్ళను పిలిచేవాడు. దీనికి కట్టిన ధర 25,000 డాలర్లు. పొట్టిదని ఎవరూ తీసుకోలేదు. 1964లో అది కెంటకీ డెర్బీని సరిగ్గా రెండు నిమిషాల్లో గెలిచింది. అప్పటికి అదే రికార్డు. దాని కొడుకే నిజిన్‌స్కీ. ఒబ్రయన్ నిజానికి రిబో అనే గుర్రానికి పుట్టిన మరో పిల్లను చూడటానికి విండ్‌ఫీల్డ్స్ వెళ్ళాడు. అది నచ్చక, పక్కనే ఉన్న దీన్ని కొనమని యజమాని చార్లెస్ ఎంగిల్‌హార్డ్‌కు చెప్పాడు. ధర 84,000 డాలర్లు.

ఆ తర్వాత ఈ వంశం పేరు వినగానే వేలం గదుల్లో నిగ్రహం పోయింది. 1983లో కీన్‌లాండ్‌లో నార్తర్న్ డాన్సర్ కొడుకు స్నాఫీ డాన్సర్ ఒక కోటీ 2 లక్షల డాలర్లకు అమ్ముడైంది. ఏడాది పిల్ల ధర కోటి డాలర్లు దాటడం అదే మొదటిసారి. ఆ పిల్ల ఒక్క పందెం కూడా పరిగెత్తలేదు. రెండేళ్ళకు నిజిన్‌స్కీ కొడుకు సియాటిల్ డాన్సర్ ఒక కోటీ 31 లక్షలకు పోయింది. ఇది పందేలు గెలిచింది కాని, మొత్తం సంపాదన ధరలో వందో వంతు పైచిలుకే. దాని తల్లి అంతకుముందు కన్న కొడుకు సియాటిల్ స్లూ. కుడి ముందుకాలు బయటికి తిరిగి ఉండటంతో 1975లో 17,500 డాలర్లకే దొరికిన ఆ పిల్ల, 1977లో ఓటమి లేకుండా అమెరికా ట్రిపుల్ క్రౌన్ అనే మూడు పందేలూ గెలిచింది. ఒక తల్లి కన్న ఇద్దరిలో వంకర కాలి పిల్ల మేటి అయింది, వంకలేని పిల్లకు ధర మిగిలింది.

నాలుగో తీర్పు 2006 ఫిబ్రవరిలో ఫ్లోరిడాలో వచ్చింది. తండ్రి వరసలో నార్తర్న్ డాన్సర్ సంతతికే చెందిన ద గ్రీన్ మంకీ అనే రెండేళ్ళ పిల్ల, వేలానికి ముందు ఒక ఫర్లాంగును 9.8 సెకన్లలో పరిగెత్తింది. అంటే గంటకు 74 కిలోమీటర్ల వేగం. చూసినవాళ్ళకు మతిపోయింది. ఐర్లండు కూల్‌మోర్ బృందం కోటీ 60 లక్షల డాలర్లు పెట్టింది. ఆ పిల్ల మూడు పందేలు పరిగెత్తి ఒక్కటీ గెలవలేదు. సంపాదించింది 10,440 డాలర్లు. ఒక ఫర్లాంగు వేగం ఒక ఫర్లాంగు గురించే చెబుతుంది. ఆరో ఫర్లాంగులో అలసట మొదలయ్యాక ఏం మిగులుతుందో చెప్పదు.

ఇలాంటి పొరపాటు మహా నిపుణులకూ తప్పలేదు. నెయార్కో, రిబో వంటి గుర్రాలను పెంచిన ఇటలీవాడు ఫెడెరికో టెసియోకు ఈ విద్యలో సాటి లేరంటారు. ఆయన లాయంలోనే పెరిగిన రిబో చిన్నప్పుడు పొట్టిగా ఉందని దాన్ని ఇటలీ క్లాసిక్ పందేలకు నమోదే చేయలేదు. రిబో 16 పందేలూ గెలిచింది. 1955లోనూ 1956లోనూ పారిస్‌లో ఆర్క్ ద త్రియోంఫ్ పందెం గెలిచింది. టెసియో 1954లోనే కన్నుమూశాడు.

తొలి పందేలు, తొలి తీర్పులు

రెండేళ్ళ పిల్లల పందేల్లో ఇంగ్లండులో డ్యూహర్స్ట్, అమెరికాలో 1984 నుంచి జరుగుతున్న బ్రీడర్స్ కప్ జువెనైల్, సిడ్నీలో 1957 నుంచి జరుగుతున్న గోల్డెన్ స్లిప్పర్ పేరున్నవి. ఇవి గెలిస్తే సత్తా తేలినట్టేనా? జువెనైల్ గెలిచి మరుసటి ఏడు కెంటకీ డెర్బీ కూడా గెలిచినవి స్ట్రీట్ సెన్స్, నైక్విస్ట్ రెండే. 1991 జువెనైల్‌లో అరాజీ వెనకనుంచి అందరినీ దాటుకొచ్చిన తీరు నేటికీ చెప్పుకుంటారు. ఆ శీతకాలంలో మోకాళ్ళకు శస్త్రచికిత్స జరిగింది. మరుసటి మే నెల డెర్బీలో ఎనిమిదో స్థానం. మరోవైపు రెండో ఏట అసలు పందెమే పరిగెత్తకుండా కెంటకీ డెర్బీ గెలిచిన గుర్రం 1882లో అపోలో తర్వాత 2018 దాకా లేదు. ఆ ఏడు జస్టిఫై గెలిచింది. 2023లో మేజ్ గెలిచింది. ఫార్ లాప్ తొలి పందెంలో చిట్టచివర వచ్చింది. ముఖం మీద పులిపిర్లున్న ఆ న్యూజిలాండ్ పిల్లను 160 గినీలకు కొన్నారు. 1930లో మెల్‌బోర్న్ కప్ గెలిచింది.

1948లో ఫిల్ బుల్ మొదలుపెట్టిన టైమ్‌ఫామ్ సంస్థ ప్రతి గుర్రానికీ అంకె ఇస్తుంది. ఫ్రాంకెల్‌కు ఇచ్చిన 147 ఇప్పటివరకు అత్యధికం. ఆ అంకె పక్కన కొన్నిసార్లు ‘పి’ అనే చిన్నక్షరం ఉంటుంది. ఈ గుర్రం ఇంకా మెరుగుపడుతుందని దాని అర్థం. తొలి పందెంలో మూడో స్థానంలో వచ్చినా, మెల్లగా గేటు దాటి, దారి దొరకక ఆగి, చివరి ఫర్లాంగులో కొరడా దెబ్బ లేకుండానే పుంజుకున్న పిల్లకు ఆ అక్షరం దక్కుతుంది. ఈ రంగంలో ఎవరు చేసిన పనుల్లోనైనా అత్యంత నిజాయితీ గలది ఇదేనని చెప్పవచ్చు. గెలుపును ఒకచోట, ఎదుగుదలను మరోచోట రాయడం అందులోని గొప్పతనం.

జన్యువు ఏం చెబుతుంది

2010లో డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన ఎమ్మెలిన్ హిల్ బృందం కండ పెరుగుదలను అదుపుచేసే మయోస్టాటిన్ జన్యువులో ఒక తేడాను గుర్తించింది. రెండు ప్రతులూ సి రకమైతే గుర్రం పొట్టి దూరాలకు, త్వరగా ఎదగడానికి మొగ్గు చూపుతుంది. రెండూ టి రకమైతే పొడుగు దూరాలకు, నింపాదిగా ఎదగడానికి. ఒకటి అదీ ఒకటి ఇదీ అయితే మధ్య దూరాలకు. ఈ పరీక్ష గుర్రం ఎంత దూరానికి తగినదో చెబుతుంది. ఆ దూరంలో ఎంత గొప్పదో చెప్పదు. టి రకం పిల్లను రెండో ఏట పొట్టి పందెంలో ఓడిందని అమ్మేయకుండా ఆపగలిగితే చాలు, ఈ పరీక్ష తన ఖర్చు రాబట్టినట్టే.

మలక్‌పేట, మహాలక్ష్మి

హైదరాబాదులో మలక్‌పేట రేసు మైదానం ఆరో నిజాం కాలంలో 1886 నుంచి ఉంది. అక్టోబరు 2న జరిగే దక్కన్ డెర్బీ ఇక్కడి పెద్ద పందెం. పుణె, కర్ణాటక, ఢిల్లీ చుట్టుపక్కల స్టడ్ ఫారాల నుంచి ఇక్కడికి పిల్లలు వస్తాయి. వాటిలో చాలావాటి వంశంలోనూ నార్తర్న్ డాన్సర్ రక్తముంది. ఉషా స్టడ్‌లో పేరు తెచ్చుకున్న రజీన్ దాని కొడుకే. తర్వాత అదే ఫారంలో అగ్రశ్రేణి తండ్రి గుర్రమైన మల్టీడైమెన్షనల్ కూడా ఆ వరసదే.

మలక్‌పేటలో తెల్లవారుజామున గుర్రాలు ట్రాక్ వర్క్‌కు దిగుతాయి. చేతి గడియారాలతో రాసుకున్న వేళలు మరుసటి రోజు పత్రికల రేసు పేజీలో వస్తాయి. ఫలానా పిల్ల 800 మీటర్లు 53 సెకన్లు, చివరి 600 మీటర్లు 39 సెకన్లు, తేలిగ్గా కదిలింది అన్నట్టుగా ఉంటాయి ఆ వరసలు. అందులో అంకె కంటే చివరి మాటే చదవాలి. తేలిగ్గా కదిలి 39 తెచ్చిన పిల్ల, గుంజి పరిగెత్తించి 38 తెచ్చినదాని కంటే ముందుంటుంది. పందెంలో దిగని పిల్లలకు మాక్ రేసులు పెడతారు. గేటులో నిలబడటం, గుంపులో పరిగెత్తడం అక్కడ నేర్చుకుంటాయి.

1996 జనవరిలో లక్ష్మణన్ వర్సెస్ తమిళనాడు కేసులో సుప్రీంకోర్టు గుర్రప్పందెం ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన క్రీడ అని తీర్పు చెప్పింది. గుర్రానికి పుట్టుకతో వచ్చిన శక్తి, దానికి దొరికిన శిక్షణ, జాకీ పనితనం ఫలితాన్ని నిర్ణయిస్తాయనీ, వీటిని చదువుకుని అంచనా కట్టవచ్చనీ ఆ తీర్పు సారం. ఇంతకుముందు చెప్పుకున్న విద్యకు చట్టం ఇచ్చిన గుర్తింపు అది.

భారతదేశపు పందేల క్యాలెండర్లో ఒక మేలు ఉంది. 1943లో మొదలైన ఇండియన్ డెర్బీ ముంబైలోని మహాలక్ష్మిలో ఫిబ్రవరి మొదటి ఆదివారం, 2400 మీటర్ల దూరానికి జరుగుతుంది. అప్పటికి జనవరి 1 దాటిపోవడంతో అందులో పరిగెత్తేవి నాలుగేళ్ళ గుర్రాలు. కెంటకీలో డెర్బీ మూడో ఏట మే నెలలోనే అయిపోతుంది. మన పిల్లకు ఇంకో తొమ్మిది నెలల గడువు. మోకాలి పలక మూసుకున్నాక కూడా ఎముక గట్టిపడటానికి, నడుం నిండటానికి, దూరం మీద ఊపిరి నిలవడానికి ఆ కాలం ఉపయోగపడుతుంది. రెండో ఏట మలక్‌పేటలోనో బెంగళూరులోనో 1100 మీటర్ల పందెంలో వెనకబడిన పొడుగుకాళ్ళ పిల్లను ట్రైనర్ వదిలేయకుండా ఉంచుకుంటే, మరుసటి శీతకాలానికి దానికి తగిన దూరం దొరుకుతుంది.